అమ్మంత సన్నగా

దాచేపల్లి బస్టాండు దగ్గర మిట్టమధ్యాహ్నం ఒక ముసలామె నన్ను చూసి ఆగిపోయింది. చేతిలో సంచి కింద పెట్టి, ఎండకి కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, కాళ్ళ నుంచి తలదాకా చూసింది. సిమెంటు లారీలు లేపిన దుమ్ముకి ఆమె కనుబొమలు కూడా తెల్లబడి ఉన్నాయి.

"ఏమే, పిల్లోడి కోసం వచ్చావా?" అంది.

చాలా కాలానికి కనపడ్డ స్నేహితురాలిని పలకరించినట్టే అడిగింది. నేను నోరు తెరిచేలోపే సంచి ఎత్తుకుని, ఎక్కాల్సిన బస్సు కూడా వదిలేసి, వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయింది. ఆమె ఎవరో నాకు తెలుసు. మా అమ్మతో పాటు నాపరాళ్ళ క్వారీలో పని చేసిన మనిషి. మా అమ్మ పోయి ముప్పై ఏళ్ళు దాటింది.

పిల్లోడు అంటే నా తమ్ముడు. లారీ డ్రైవరు, ఇద్దరు పిల్లల తండ్రి. అప్పటికి వాడు చావుబతుకుల మధ్య ఉన్నాడు. కూరగాయల సంచి చంకలో పెట్టుకుని ఇంటికి ఎట్లా నడిచి వచ్చానో నాకే తెలియదు.

మా తమ్ముడు చుక్క ముట్టినవాడు కాదు. అయినా లివర్ పాడైంది. వేళకి తిండి లేక, దొరికిన చోట నూనెలో మునిగిన పరోటాలు తిని, కదలకుండా స్టీరింగు ముందు కూర్చుని, ఒంట్లో కొవ్వు లివర్‌కి పట్టి, అది ఏళ్ళ తరబడి గట్టిపడిపోయిందని డాక్టరు చెప్పాడు. మార్చక తప్పదన్నాడు. మరదలి రక్తం గ్రూపు కలవలేదు, పిల్లలు చిన్నవాళ్ళు. కలిసింది నా ఒక్కదానిదే. నా లివర్‌లో ముక్క ఇస్తానని ఎగురుకుంటూ హైదరాబాదు వెళ్ళాను. అక్కడ స్కాను తీసి డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

"మీ లివర్‌కి కూడా కొవ్వు పట్టిందమ్మా. ఇట్లా ఉంటే తీసుకోలేం. బరువు తగ్గి రండి. పస్తులుండి తగ్గితే లివర్ ఇంకా పాడవుతుంది. పద్ధతిగా తిని తగ్గాలి."

తమ్ముడి ప్రాణం నా నడుము చుట్టుకొలత మీద ఆధారపడిందన్న మాట. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. నా మీద నాకే.

నేనూ మా ఆయనా దాచేపల్లిలో టిఫిన్ సెంటర్ నడుపుతాం. పొద్దున ఫ్యాక్టరీ షిఫ్టుకి వెళ్ళేవాళ్ళూ, లారీలవాళ్ళూ మా గిరాకీ. నేను కూర్చుని కడుపు నిండా తిన్న పూట లేదని అందరితో చెప్పుకునేదాన్ని. నిజమే, కూర్చుని తినలేదు. నిలబడే తిన్నాను. విరిగిన అట్టు పారేయలేక నోట్లో వేసుకోవడం, చట్నీ ఉప్పు చూడటం, మళ్ళీ చూడటం, మిగిలిన పూరీ కుక్కకి పెట్టేకంటే నయమని తినడం, గిరాకీ పలచబడ్డప్పుడల్లా పంచదార ఎక్కువేసిన టీ. హైదరాబాదు ఆసుపత్రిలో తిండి గురించి చెప్పే అమ్మాయి ఇవన్నీ ఒకటొకటిగా నా చేతే చెప్పించి, కేలరీలు కలిపి చూపించింది. ఇద్దరు మనుషుల తిండి తింటున్నాను. ఇద్దరి తిండీ తిని ఆకలని గోల పెడుతున్నాను.

ఆ పిల్ల చెప్పింది కొత్త సంగతేమీ కాదు, చేయడమే గగనం. అన్నం మానొద్దు, చిన్న గిన్నె పెట్టుకుని కొలిచి తిను. అన్నానికి రెండింతలు కూర. పప్పో గుడ్డో రోజూ ఉండాలి. పచ్చట్లో పోసే నూనె గరిటెతో కాకుండా చెంచాతో పోయి. రోజూ నడువు. ఒక పూట తప్పు జరిగితే మర్నాడు పస్తుండకు, తర్వాతి పూట మామూలుగా తిను. నేను దాన్ని నా వ్యాపారం భాషలోకి మార్చుకున్నాను. ఒక గారె తింటే రెండు ఇడ్లీలు తిన్నట్టు. పూరీ తింటే ఇంకా ఎక్కువ. ఇక గారె పిండి రుబ్బుతున్నా సరే నోరు మూసుకునే ఉండేదాన్ని. మా ఆయన విరిగిన అట్లు పక్కన పెడితే, "నా కంటికి కనపడనీయకు, నీ పుణ్యముంటుంది" అని అరిచేదాన్ని.

సాయంత్రం పూట లారీల రోడ్డు వదిలి, పాత క్వారీ వైపు మట్టిదారిన నడిచేదాన్ని. అటు మనుషులు తక్కువ. తవ్వి వదిలేసిన గోతుల్లో నీళ్ళు నిలిచి నల్లగా ఉంటాయి. అంచున పేర్చి ఎవరూ తీసుకుపోని నాపరాళ్ళు మెట్లలాగా ఉంటాయి. మా అమ్మ అక్కడే పని చేసింది. అయినా అమ్మ ఉండగా ఆ చోటు నేను చూడలేదు. చదువుకోవాలని నన్ను చిన్నప్పుడే నూజెండ్ల దగ్గర అమ్మమ్మ ఇంటికి పంపేశారు. సెలవులకి వచ్చినా పనిచోటికి రానిచ్చేవాళ్ళు కాదు. తమ్ముడే బడి అయ్యాక అమ్మ దగ్గరికి అన్నం తీసుకుపోయేవాడు. జ్వరంతో అమ్మ పోయినప్పుడు వాడికి పదేళ్ళు.

బరువు మెల్లగా దిగింది. మొదట చీరకి ఒక కుచ్చి పెరిగింది. తర్వాత గాజులు మోచేతి దాకా జారాయి. ఆ తర్వాత ముఖం మారింది. ఎముకలు పైకి వచ్చాయి. అద్దంలో చూసుకుంటే నాకు నేను కొత్తగా కనపడలేదు, ఎక్కడో చూసిన మనిషిలా కనపడ్డాను. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఇంట్లో అమ్మ ఫోటో ఒకటే ఉంది. బియ్యం కార్డు కోసం తీసిన చిన్న బొమ్మని పెద్దది చేయించాం. ఫోటో స్టూడియో అతను అందంగా ఉంటుందని చెంపలు నింపి, మెడ గుండ్రంగా చేసి, నగ పెట్టాడు. అది మా అమ్మ కాదని తెలిసినా దండ వేసి దణ్ణం పెట్టుకుంటున్నాం. ఒక పండగరోజు అద్దానికీ ఆ ఫోటోకీ మధ్య నిలబడ్డాను. దండ వెనక లావుగా ఉన్నది నేను. అద్దంలో ఉన్నది ఆమె. పండగకి పులుముకున్న పౌడరు తుడిచేసుకుని గబగబా బయటికి వచ్చేశాను.

ముసలామె పలకరించింది ఆ వారంలోనే. ఆ తర్వాత మా వీధిలో పెద్దవాళ్ళు ఒకరిద్దరు నన్ను చూసి పక్కకి తప్పుకోవడం గమనించాను. మా ఆయన అమ్మని ఎరగడు కాబట్టి ఆయనకి నేను నేనే. "బాగా చిక్కావే" అని మురిసిపోయేవాడు. ఎరిగినవాళ్ళకే ఇంకో మనిషి కనపడుతోంది. అందరికంటే ఎక్కువ ఎరిగినవాడు మంచం మీద ఉన్నాడు.

తమ్ముడి ఇల్లు మా వెనక వీధిలోనే. లివర్ పాడైన మనిషికి రక్తంలో విషం పేరుకుని మెదడుకి మబ్బు కమ్ముతుందట. మందు పడితే తేరుకుంటాడు, మళ్ళీ మబ్బు కమ్ముతుంది. ఒకనాటి సాయంత్రం దీపాలు పెట్టే వేళకి గిన్నెలో మజ్జిగన్నం కలుపుకుని వాళ్ళ వసారాలోకి వెళ్ళాను. కరెంటు లేదు. గుమ్మంలో వెలుతురుకి అడ్డం నిలబడ్డానేమో, వాడికి నా ఆకారమే కనపడి ఉంటుంది. మంచం మీద గోడకి జరిగిపోయాడు.

"అమ్మా, ఇప్పుడే వద్దే. పిల్లలు చిన్నోళ్ళే," అన్నాడు.

"ఒరేయ్, నేనురా, అక్కని," అన్నాను. వాడు నమ్మలేదు. నా గొంతు కూడా సన్నబడిందో ఏమో మరి.

మబ్బు విడిచాక నవ్వి ఊరుకుంటాడనుకున్నాను. తెలివి వచ్చాక కూడా ఆ భయం పోలేదు. పగటిపూట, ఎండ వసారాలో పడుతుండగా, మామూలుగా మాట్లాడుతూనే అన్నాడు. "నాకు పిచ్చి లేదక్కా. చచ్చేవాళ్ళ దగ్గరికి పెద్దోళ్ళు వస్తారు, అందరికీ తెలిసిందే గదా. అమ్మ నా కోసం వచ్చింది. ఉండటానికి చోటు లేక నీ ఒంట్లో దూరింది. నిన్ను ఎట్టా పీల్చేస్తందో చూసుకున్నావా? ఈ ఆపరేషన్ చేస్తే ఇద్దరం పోతాం. నేను రాను."

"నేను కొలుచుకుని తింటన్నానురా, అందుకే తగ్గా."

"కొలుచుకుని తిన్నోళ్ళందరూ అమ్మలాగా అవుతారా?"

వాడు బతకాలంటే నేను చిక్కాలి. నేను చిక్కే కొద్దీ వాడు చావుని చూస్తున్నాడు. దేవుడి మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

పక్కింటి పిన్ని మా మరదలికి ఉపాయం చెప్పింది. "మీ అత్తకి ఇష్టమైంది చేసి విస్తర్లో పెట్టు. కడుపు నిండితే పోద్ది." అమ్మకి ఏమిష్టమని అడిగితే వాడు గారెలన్నాడు. క్వారీలో కూలి ఇచ్చిన రోజున తినేదట. మరదలు మినప్పప్పు నానబోసి, గారెలు వండి, విస్తర్లో పెట్టి వాడి మంచం ఎదురుగా ఉన్న అరుగు మీద ఉంచింది. ఆ సంగతి నాకు చెప్పలేదు. చెబితే తిడతానని భయం.

నేను మామూలుగా వెళ్ళాను. అరుగు మీద గారెలు, వాటికి చీమలు. ఆకలి మీద ఉన్నాను. ఆ నూనె వాసనకి ఒకటి నోట్లో వేసుకోవాలనిపించింది. తినకూడదని నన్ను నేను తిట్టుకుని, చీమలు పట్టినవి ఎందుకని విస్తరి ఎత్తి గేటు బయట పారేశాను. వెనక నుంచి ఒక కేక వినపడింది. తమ్ముడు మంచం మీద లేచి కూర్చుని మరదలితో అంటున్నాడు.

"పారేసింది. గారెలు పెట్టినా పారేసింది. నేనే కావాలంట దానికి."

ఆ రోజు నుంచి నా చేతి తిండి ముట్టలేదు. నేను వస్తే కళ్ళు మూసుకునేవాడు. మరదలు నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ వారంలోనే హైదరాబాదులో నాకు మళ్ళీ స్కాను తీశారు. నా లివర్ శుభ్రపడిందనీ, పనికి వస్తుందనీ, ఆలస్యం చేయకుండా ఇద్దరినీ రమ్మనీ డాక్టరు చెప్పాడు. ఎన్ని పూటలు నోరు కట్టుకుని సాధించిన మాట అది! విని సంతోషించడానికి కూడా లేకపోయింది. రావాల్సినవాడు మంచం కోడు పట్టుకుని వదలడం లేదు.

బస్సులో వస్తూ అదే ఆలోచన. అమ్మ వచ్చిందనే వాడి నమ్మకం మాటలతో పోయేది కాదు. వచ్చిన మనిషి వెళ్ళిపోవడం వాడు కళ్ళారా చూడాలి. దిగగానే మరదలితో చెప్పాను.

"రేపు సాయంత్రం మళ్ళీ గారెలు వండు. అరుగు మీద పెట్టి నువ్వు లోపలికి పో."

"ఎందుకొదినా?"

"తినటానికి."

మర్నాడు తల దువ్వుకుని, అమ్మ పనిలో ముడి వేసుకునేదని అమ్మమ్మ చెప్పిన గుర్తు కొద్దీ ముడి వేసుకున్నాను. చెవుల కమ్మలు తీసేశాను. అద్దం చూసుకోలేదు. చూసుకునే ధైర్యం లేకపోయింది. వీధిలో నడుస్తుంటే ఎప్పుడూ మొరిగే కుక్క లేచి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని గోడ వెనక్కి పోయింది. గేటు తీసుకుని లోపలికి వెళ్ళి, పలకకుండా అరుగు మీద విస్తరి ముందు కూర్చున్నాను.

తమ్ముడు చూస్తున్నాడు. ఆ చూపు నాకు తగులుతూనే ఉంది. నేను తల ఎత్తలేదు. గారె తుంచాను. అన్ని నెలల తర్వాత నోట్లో పడ్డ గారె. పైన కరకర, లోపల మెత్తన, మధ్యలో మిరియం గింజ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక్క గారెతో కొంప మునగదని, తర్వాతి పూట మామూలుగా తినమని ఆసుపత్రి పిల్ల చెప్పిన మాట జపంలాగా అనుకుంటూ నమిలాను. మొదటిది అయ్యాక రెండోది తీసుకున్నాను. ఒకటే తినాలనుకుని వచ్చినదాన్ని. రెండోది నేను తీసుకున్నట్టు లేదు, చెయ్యే వెళ్ళి తీసుకుంది. అమ్మకి ఎంత ఆకలి ఉండేదో, ఎన్ని రోజులు ఒట్టి మజ్జిగన్నం మీద రాళ్ళు మోసిందో, కూలి రోజు ఒక గారె కోసం ఎంత ఎదురుచూసేదో నాకు ఆ ముద్ద దగ్గర తెలిసింది. నేను లావు తగ్గడానికి ఆకలి అనుభవించాను. ఆమె సన్నగా ఉన్నది ఎవరో చెబితే కాదు.

"కడుపు నిండింది. పోతన్నా," అన్నాను.

అంత వరకే అనాలని ఇంటి దగ్గర అనుకుని వచ్చాను. లేచి, వాడి వైపు చూడకుండా, గేటు దాటాను. సందు చుట్టి వెనక తలుపు నుంచి వంటింట్లోకి వచ్చి, ముడి విప్పి జడ వేసుకుని, కమ్మలు పెట్టుకున్నాను. మరదలు గోడకి ఆనుకుని రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. అన్నం, సొరకాయ కూర గిన్నెలో కలుపుకుని వసారాలోకి వెళ్ళాను.

"ఏరా, ఆకలేస్తందా?"

వాడు అరుగు వైపు చూసి, నా వైపు చూశాడు. తర్వాత నోరు తెరిచాడు. ముద్ద పెట్టాను. తిన్నాడు. గిన్నె ఖాళీ అయ్యాక, "ఎప్పుడు పోదామక్కా హైదరాబాదు?" అన్నాడు.

నీళ్ళ గ్లాసు కోసం తిరిగినప్పుడు అరుగు మీద విస్తరి మడిచి ఉంది. గాలికి ఎగరకుండా మీద చిన్న నాపరాయి ముక్క పెట్టి ఉంది. నేను వెనకనుంచి వచ్చేలోపు మరదలు వచ్చి మడిచి ఉంటుందనుకున్నాను. శుభ్రమైన పిల్ల అనుకున్నాను. ఆ తర్వాత ఆ సంగతే మర్చిపోయాను.

ఆపరేషన్ జరిగింది. నా కడుపు మీద కోత ఉంది, వాడి కడుపు మీద అంతకంటే పెద్దది ఉంది. కోలుకోవడానికి నెలలు పట్టింది. మళ్ళీ టిఫిన్ సెంటర్ తెరిచాం. చిన్న గిన్నె మాత్రం వదల్లేదు, సాయంత్రం నడక వదల్లేదు. కొంచెం ఒళ్ళు చేశాను, ముందంత కాదు. ముఖం మళ్ళీ నాదైంది. ముసలామె ఒకరోజు ఇడ్లీకి వచ్చి, "ఆమె కూతురివా నువ్వు? పోలికే లేదే," అని వెళ్ళింది.

తమ్ముడు లారీ మానేసి ఫ్యాక్టరీ గేటు దగ్గర పనికి కుదిరాడు. పొద్దున మా దగ్గరే తింటాడు, నేను పెట్టినంతే తింటాడు. మొన్న గిరాకీ అయిపోయాక ఇద్దరమే కూర్చున్నాం. పెనం చల్లారుతోంది. వాడు ఉన్నట్టుండి నవ్వాడు.

"ఆ రోజు ముడేసుకుని వచ్చి గారెలు తిన్నావు చూడు. నువ్వేనని నాకు తెలుసు."

"తెలుసా? మరి ఎందుకు ఊరుకున్నావురా?"

"నువ్వు అంచు తుంచుకుని తింటావు. చిన్నప్పటి నుంచీ అంతే గదా. మా అక్క నా కోసం ఎంత తిప్పలు పడతందో అని ఏడుపొచ్చింది. అయినా ఆపరేషన్‌కి వచ్చే పని లేదనే అనుకున్నా. నువ్వు లేచేముందు విస్తరి మడిచి రాయి పెట్టావు చూడు, అప్పుడు మనసు మార్చుకున్నా."

"నేనా?"

"నువ్వే. కింద ఉన్న ముక్క ఎడం చేత్తో వెతికి తీసి పెట్టావు. క్వారీలో గాలికి విస్తర్లు ఎగిరిపోయేవి. అమ్మ తినటం అయ్యాక అట్టాగే మడిచి, రాయి పెట్టి, పనిలోకి దిగేది. రాయి పెట్టిందంటే నేనింక ఇంటికి పోవాలని లెక్క. నోటితో చెప్పేది కాదు." వాడు నా ముఖంలోకి చూశాడు. "నీకెట్టా తెలుసక్కా? నువ్వెప్పుడూ అటు రాలేదు గదా."

నేను విస్తరి మడవలేదు. రాయి వెతకలేదు. ఆ సాయంత్రంలో ప్రతి క్షణం నాకు గుర్తుంది, ఆ ఒక్కటి తప్ప. నా ఎడం చెయ్యి వైపు చూసుకున్నాను. పిండి అంటిన మామూలు చెయ్యి. దాన్ని కొంగుకి తుడుచుకుంటూ, "ఎవరో చెప్పుంటారులేరా," అన్నాను. నా గొంతు నాకే సన్నగా వినపడింది.

వాడు తిన్న విస్తరి మడిచాడు. మీద పెట్టడానికి ఏమీ దొరక్క అటూ ఇటూ చూసి, నా చట్నీ రోలు పక్కనున్న చిన్న రాయి తీసి పెట్టాడు.

"ఇంటికి పోతన్నా అక్కా," అని లేచి వెళ్ళాడు.